చెప్పని లివర్

గ్రేటర్ నోయిడా టవర్లలో ఈపాటికి లిఫ్టుల దగ్గర హడావుడి మొదలై ఉంటుంది. ఉద్యోగాలకని వచ్చిన మనవాళ్లు చాలామంది టిఫిన్ మానేసి మెట్రో ఎక్కేస్తారు.

మనం తినకపోయినా లివర్ పని ఆపదు. పిత్తరసం తయారుచేస్తూనే ఉంటుంది. దాన్ని దాచేది గాల్ బ్లాడర్. కొవ్వున్న తిండి పేగులోకి దిగగానే ఆ చిన్న సంచి ముడుచుకుంటుంది. రసాన్ని వదులుతుంది. తిండి రాకపోతే రసం అంతగా కదలదు. మేడ మీది ట్యాంకు చూడండి. నీళ్లు వాడకుండా వదిలేస్తే అడుగున మడ్డి పేరుకుంటుంది. ఇక్కడా అంతే. కదలని రసంలో కొలెస్ట్రాల్ గట్టిపడి రాళ్లు కావచ్చు. కడుపు మాడ్చుకుని గబగబా బరువు తగ్గినా రాళ్లు రావచ్చు. ఈ బాధ మన దక్షిణాదికంటే ఉత్తరాదిలోనే ఎక్కువ.

రాయి అడ్డుపడితే కుడి పక్క డొక్క కింద నొప్పి చెబుతుంది. లివర్ అలా చెప్పదు. లివర్‌కు కొవ్వు పట్టిందంటే మనం ఛోలే భటూరేను తిట్టుకుంటాం. తీపి టీలను, కూల్‌డ్రింకులను, రోజంతా కుర్చీకి అతుక్కుపోవడాన్ని మాత్రం ఏమీ అనం. వాటితో కొవ్వు చేరుతున్నా లివర్ చెప్పదు. మద్యం కాల్చేస్తున్నా చెప్పదు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు ఏళ్ల తరబడి తిష్ట వేసినా చాలామందిలో చెప్పదు. బి రకానికి టీకా ఉంది. సి రకాన్ని మందులతో నయం చేయవచ్చు. ముందు తెలియాలి, అంతే.

కళ్లు పచ్చబడ్డాక ఊరెళ్లి పసరు వేయించుకుందామనేవాళ్లు ఇంకా ఉన్నారు. రైలు టికెట్టుకంటే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. కాస్నాలో జిమ్స్ ఆసుపత్రి దగ్గరే. ఢిల్లీ వసంత్ కుంజ్‌లో లివర్ జబ్బులకే ప్రత్యేకంగా ఒక పెద్ద ప్రభుత్వ సంస్థ ఉంది.