పది గంటల బండి

మోటారు వాహనాల చట్టం, 1988లో 127వ సెక్షన్ అని ఒకటుంది. బహిరంగ స్థలంలో పది గంటలు, ఆపైన వదిలేసిన బండిని తీయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసుకి ఇస్తుందది. పది గంటలు! వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని రెండ్రోజులు కదలని నా కారు కూడా ఈ లెక్కన దొరికిపోతుంది. హైదరాబాద్ గల్లీల్లో ఎన్ని మిగుల్తాయో చెప్పలేం. ఇంత వెడల్పైన చట్టాన్ని అందరి మీదా అమలు చెయ్యడం అయ్యే పని కాదు. ఎవరో వేలెత్తి చూపించిన బండి మీదే అమలవుతుంది. అంటే నిర్ణయంలో పెద్ద వాటా వేలు చూపించినవాడిదే.

అలాగని చూపించకపోవడం మంచితనమేం కాదు. మా మలుపులో టైర్లు నేలకంటుకుపోయిన పాత మారుతి ఒకటుండేది. ముసలివాళ్లు దాన్ని దాటాలంటే నడిరోడ్డు మీదికి దిగాల్సిందే. కింద నిలిచిన వాననీళ్లలో దోమలు. ‘మనకెందుకులే’ అన్న పెద్దమనిషి తరహాకి ఖరీదు ఇంకెవరో కడుతుంటారు. చాడీలు చెప్పకూడదని బళ్లో నేర్పిన నీతి ఇక్కడ పనికిరాదు.

చిక్కల్లా కారు దగ్గర్నుంచి మనిషి దగ్గరికి జారిపోవడంలో ఉంది. 1969లో ఫిలిప్ జింబార్డో అనే సైకాలజిస్టు నంబరు ప్లేట్లు లేని కార్లని ఒకటి బ్రాంక్స్‌లో, ఒకటి పాలో ఆల్టోలో వదిలిపెట్టాడు. మొదటిదాన్ని నిమిషాల్లోనే ఊడబెరకడం మొదలెట్టారు. రెండోది వారం దాటినా అలాగే ఉంది, ఆయనే సుత్తి తీసుకుని పగలగొట్టేదాకా. 1982లో విల్సన్, కెల్లింగ్ తమ ‘పగిలిన కిటికీల’ వాదంలో ఈ కథనే వాడుకున్నారు. చిన్న అస్తవ్యస్తతని వదిలేస్తే పెద్ద నేరం వస్తుందని. 1990ల్లో అది న్యూయార్క్ పోలీసుల విధానమయ్యాక, ‘అస్తవ్యస్తత’ పద్దులో సిగ్నళ్ల దగ్గర కారద్దాలు తుడిచేవాళ్లు కూడా చేరిపోయారు.

ఫోన్లో తీసిన ఫోటోలో తుప్పు కారూ, మిర్చిబజ్జీల బండీ ఒకేలా అడ్డంగా కనిపిస్తాయి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా వీధి వ్యాపారుల్ని ఖాళీ చేయించకూడదని 2014 చట్టం చెప్తుంది. ఆ సంగతి ఫోటోలో పడదు. ఫుట్‌పాత్‌ని మింగేసిన మా అపార్ట్‌మెంట్ ర్యాంపుని మాత్రం ఎవరూ ఫోటో తీయరు. అది మనది కదా.

‘ముందు ఆ మనిషితో మాట్లాడు’ అనేది మంచి నియమమే, కానీ అన్నిచోట్లా చెల్లదు. బానెట్ మీద పార్టీ జెండా ఉన్న ఎస్‌యూవీవాడితో ఎవరు మాట్లాడతారు? బలవంతుడి మీద ఫిర్యాదుకి పేరు దాచుకోవడం రక్షణ. బజ్జీల బండివాడి మీద అదే తెర పెట్టుకుంటే, ఉన్న బలానికి ఇంకాస్త జోడించుకోవడమే. అతనికి నా ముఖం తెలిస్తే నాకు పోయేదేముంది, రెండు బజ్జీలు తక్కువేస్తాడేమో.

మారుతి మీద ఫిర్యాదు పెట్టాను, వచ్చి లాక్కెళ్లారు. దాని వెనకే టార్పాలిన్ కప్పిన ఆటో ఒకటుంది, నాలుగు నెలలుగా కదల్లేదు. ‘అదీ పెట్టేయండి సార్’ అని వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. కానీ గాలివాన వచ్చిన ప్రతిసారీ మర్నాటికి ఆ టార్పాలిన్ తాళ్లు ఎవరో మళ్లీ బిగించి కడుతున్నారు. ఎవరో ఇంకా తెలీదు. వాచ్‌మన్‌ని అడగాలి.