కంప వేసిన చేను

జహీరాబాద్ వైపు ఎర్రనేలల ఊళ్లో ఒక రైతు ఉండేవాడు. అతనికి నాలుగెకరాల మెట్ట చేను ఉండేది. మృగశిర కార్తెలో వానలు పడగానే జొన్న విత్తి, మధ్యమధ్య కంది సాళ్లు వేసేవాడు.

పంటతో పాటే ఎవరూ విత్తని కూరలూ మొలిచేవి. సాళ్ల మధ్య చెంచలి, గునుగు, దొగ్గలి. తేమ నిలిచిన చోట గంగవాయిలి. గట్టు మీద తుమ్మి. విత్తని కూరను ఎవరి చేలోనైనా ఎవరైనా ఏరుకోవచ్చునన్నది ఆ ఊరి కట్టుబాటు. పొద్దున్నే ఆడవాళ్లు కొంగు ఒడి కట్టుకొని ఆ చేలోకి వచ్చేవారు. సాళ్లలోని లేత మొక్కలను వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి ఒడిలో వేసుకునేవారు. గట్టు మీది తుమ్మిని మాత్రం పీకేవారు కాదు. కొనలు గిల్లి వదిలేస్తే కొన్నాళ్లకే మళ్లీ చిగురు వచ్చేది. గట్టు పక్కన నాలుగు గునుగు మొక్కలను బతుకమ్మ కోసం ముట్టకుండా ఉంచేవారు.

రైతు తల్లీ వాళ్లతో కలిసి ఏరేది. ఇంటికి తెచ్చి ఆకు తుంచి, గిన్నె అడుగున ఇసుక తేలనంతవరకు నీళ్లు మార్చి మార్చి కడిగేది. పెసరపప్పుతో ఉడికించి, వెల్లుల్లి నలగ్గొట్టి తాలింపు వేసేది. గంగవాయిలి పులుపు, తుమ్మి చిరుచేదు, దొగ్గలి కమ్మదనం అన్నీ ఒక్క గిన్నెలో కలిసేవి. ఆ రోజు చేను ఏది ఎంత ఇస్తే కూర ఆ రుచికి వచ్చేది కాబట్టి ఏ రోజు కూర ఆ రోజుదే. వేడి జొన్నరొట్టెతో దాన్ని తిన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక ఏడు వినాయక చవితి ముందు రైతు అంగడికి పోయాడు. పండగకు తుమ్మికూర తినడం ఆ పక్క ఆనవాయితీ. కట్టలు కట్టలుగా తుమ్మి అమ్ముడుపోతుంటే నిలబడి చూశాడు. తన చేలోంచి ఏటా ఎన్ని ఒడులు బయటికి పోతున్నాయో లెక్క వేసుకున్నాడు. మరుసటి ఏడు విత్తనం పడగానే చేను చుట్టూ రేగు కంప వేయించాడు.

ఆడవాళ్లు కంప దాకా వచ్చి, చూసి, వెనక్కి తిరిగారు. తల్లి ఏమీ అనలేదు.

మొదట్లో రైతూ భార్యా కలిసి కూర ఏరి అంగడిలో అమ్మారు. చేతికి డబ్బు వచ్చింది. ఆ తర్వాత ముసురు పట్టింది. తడి నేల మీద గుంటుక నడవలేదు. అంగడి వారానికి ఒక్కసారే, కూర మాత్రం వారం దాకా ఆగదు. చెంచలి పూతకు వచ్చింది, కాడ ముదిరింది. గునుగు జొన్నను మించి లేచింది. మొలిచిన మొదటి 30, 40 రోజులే జొన్న కలుపుకు ఓర్చుకోలేని కాలం. ఆ రోజుల్లోనే పైరు పసుపు తిరిగింది.

రైతు కలుపుకు కూలి మాట్లాడాడు. వచ్చినవాళ్లు ఆ ఆడవాళ్లే. ముదిరిన మొక్కలు కూరకు పనికిరావు కనుక పీకినవన్నీ గట్టు మీద కుప్ప పోశారు. సాయంత్రం కూలి డబ్బులు తీసుకొని వెళ్లిపోయారు. అంగడిలో కూర మీద వచ్చిన డబ్బు ఆ కూలికి సగం కూడా కాలేదు.

ఆ రాత్రి తల్లి రొట్టె మీద లేత కూర వడ్డించింది. తన చేలో లేత ఆకు ఒక్కటీ మిగల్లేదని రైతుకు తెలుసు. ఆరా తీస్తే అది పక్క చేను కూర. కంప వేసిన నాటి నుంచీ ఆమె పక్క చేలోనే ఏరుకొస్తోంది. ఆ చేనాయన ఒక్కనాడూ అడ్డం చెప్పలేదు. తెల్లారి రైతు వెళ్లి చూశాడు. పక్క చేలో సాళ్లు శుభ్రంగా ఉన్నాయి, జొన్న నల్లగా ఏపుగా ఉంది.

ఆ రోజే తన చేతులతో కంప పీకేశాడు. అయినా ఆ ఏడు ఎవరూ రాలేదు. మరుసటి ఏడు వానలకు తల్లి తానే ఇంటింటికీ పోయి పిలిచింది. అప్పుడు ఇద్దరు వచ్చారు, తర్వాత మరో నలుగురు.

కంప వేసిననాడు రైతుకు ఆడవాళ్లు పట్టుకుపోయే ఒడి కనిపించింది గానీ, వాళ్లు వెనక వదిలివెళ్లే శుభ్రమైన సాళ్లు కనిపించలేదు. ఊరంతా ఏరుకునే కూరను ఒక్కడే దాచుకోబోతే అది చేలోనే ముదిరి కలుపయింది, ఇంటి గిన్నెలోకీ రాలేదు. మన చేలోకి వచ్చే చెయ్యి ఏం తీసుకుపోతోందో చూసినప్పుడు, ఏం చేసిపెట్టి పోతోందో కూడా చూడాలి.