ఎదురుచూచుట

పఠన భాగము: యెషయా 40:27-31, యోహాను 3:1-8

స్కాట్లండు దేశములో గ్లెన్‌షీ ప్రాంతమందు కేర్న్‌వెల్ అను కొండ కలదు. దాని యెత్తు 933 మీటర్లు. పారాగ్లైడింగు చేయువారు, అనగా గుడ్డరెక్కతో కొండవాలునుండి గాలిలోనికి ఎగురువారు, ఇట్టి కొండల నెక్కుదురు. ఆ రెక్కలో కఱ్ఱ లేదు, ఇనుప చట్రము లేదు. నేలమీద పరచినప్పుడు అది ఆరవేసిన చీరవలె పడియుండును. ముందంచుననున్న గదుల నోళ్లలో గాలి నిండినప్పుడే అది రెక్క యగును. మనుష్యుని బరువు క్రిందికి లాగనియెడల అది గాలిలో నిలువదు. బరువులు తొలగినగాని దేవుని సేవకు లేవలేమనువారు దీనిని గమనింతురు గాక.

వాడు గాలికి ఎదురుగానే బయలుదేరును. వీచుగాలి కొండవాలును తాకి పైకి మళ్లి వానిని మోయును. అదే గాలి శిఖరము దాటి అవతల సుడులు తిరుగుచు క్రిందికి దిగును. అక్కడ చిక్కినవాని రెక్క ముడుచుకొనిపోవచ్చును.

యోహాను వ్రాసిన గ్రీకు భాషయందు గాలికిని ఆత్మకును ఒక్కటే పదము. తెలుగున రెండు పదములు వాడక తప్పలేదు; అర్థము తేటపడెను గాని నీకొదేము పడిన తత్తరపాటు కొంత మరుగుపడెను. యెషయా గ్రంథమందైతే మన భాషకు లాభమే కలిగెను. ఎదురుచూచుట అను మాటలో కనిపెట్టుటయు, ఎదురుగా నిలుచుటయు రెండును ఇమిడియున్నవి. కొండమీదివాడు చేయునది సరిగా అదియే.

ఆ కొండలమీద గాలి తరచుగా మితిమీరును. ఈ రెక్క సాధారణ వేగము గంటకు సుమారు 40 కిలోమీటర్లు మాత్రమే. గాలి అంతకు మించినచో వాడు వెనుకకు, ఆ సుడులలోనికే కొట్టుకొనిపోవును. కాబట్టి ఎంత దూరమునుండి వచ్చినను కూర్చుండవలెను. అపాయము ఇక్కడనే యున్నది. ఎక్కిన ప్రయాస, పెట్టిన ఖర్చు, చూచుచున్న స్నేహితులు వానిని తొందరపెట్టుదురు. మంచిరేవుల యొద్ద పౌలు హెచ్చరికను త్రోసివేసి, మెల్లని దక్షిణపు గాలిని నమ్మి లంగరెత్తినవారి తొందరయు ఇట్టిదే. ఉజ్జీవ కూటముల కరపత్రములమీద ఆత్మ దిగివచ్చు తేదీని అచ్చువేయు తొందరయు దీనికి దగ్గర బంధువే.

ఒకే గ్రామమున ఏండ్ల తరబడి పరిచర్య చేసి ఫలము కానని సేవకుని మాటయేమి? అతని రెక్కకు చిరుగు లేకపోవచ్చును. అతడు సోమరియై యుండకపోవచ్చును.

సాయంకాలమువరకు గాలి తగ్గనియెడల అనుభవశాలి రెక్కను మడిచి మూటకట్టి నడచియే దిగివచ్చును. దిగుచుండగా కూడ వాని కన్నులు గడ్డి వంగుటను, వాలుమీద మేఘముల నీడలు కదలుటను చూచుచునే యుండును.