శాస్త్రాభివృద్ధికి మూలమెయ్యది?

ఒక జాతి శాస్త్రములయందు ముందునకు సాగుటయు, వేఱొక జాతి వెనుకఁబడుటయుఁ జూచి కొందఱు బుద్ధియే దీనికిఁ గారణమని తలంతురు, మఱికొందఱు ధనమందురు. ఇవి సత్యములో నొక భాగమే గాని పూర్ణసత్యము గావు. బుద్ధి యెల్ల దేశములందును బుట్టుచునే యున్నది. దానిని బెంచునవియు నణఁచునవియు నాచారములును సంస్థలును. ఇందులకు మన దేశచరిత్రమే సాక్ష్యము.

సుశ్రుతసంహితలోని శారీరస్థానమున శవపరీక్షావిధానము వర్ణింపఁబడినది. శవమును గడ్డితోఁ జుట్టి, పంజరమునం దుంచి, పాఱునీటిలో నేడు రాత్రులు నాననిచ్చి, పిమ్మటఁ గుంచెతో మెల్లమెల్లగా రాచుచు, చర్మము మొదలుకొని లోపలి యవయవములవఱకుఁ గన్నులారఁ జూడవలెనని యందుఁ గలదు. గ్రంథము చదివినంతమాత్రమునఁ జాలదని యా యాచార్యుని మతము.

ఇట్టి దేశముననే శవస్పర్శము దోషమయ్యెను. మనుస్మృతి వైద్యుని యన్నమును నిషిద్ధాన్నములలోఁ జేర్చెను. కాలక్రమమున గ్రంథము పండితుని చేతను, కత్తి మంగలి చేతను నిలిచెను. చదివినవాఁడు ముట్టఁడు; ముట్టినవాఁడు చదువఁడు. ప్రఫుల్లచంద్ర రాయ్ గారు 1902, 1909 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడిన తమ హిందూ రసాయనశాస్త్ర చరిత్రమునందు, చేతిపనికిని నాలోచనకును నడుమఁ గులభేదము గట్టిన గోడయే మన శాస్త్రక్షయమునకుఁ గారణములలో నొకటియని చెప్పిరి.

1835 సంవత్సరమునఁ గలకత్తాలో వైద్యకళాశాల స్థాపింపఁబడెను. మఱుసటియేఁడు, సంస్కృతవైద్యగ్రంథములు చదివిన మధుసూదన గుప్తగారు అచ్చట స్వహస్తముతో శవచ్ఛేదముఁ గావించిరి. ఆయన బుద్ధి క్రొత్తగా నేదేశమునుండియుఁ దెచ్చుకొన్నది కాదు. క్రొత్తగా వచ్చినది కళాశాల. ఒంటరిగాఁ జేసినచో నపచార మనిపించుకొను పని యచ్చటఁ బాఠమయ్యెను.

1876లో మహేంద్రలాల్ సర్కారుగారు ప్రజలవద్దఁ జందాలు గూర్చి, భారతీయులు స్వయముగాఁ బరిశోధనములు చేయుటకై కలకత్తాలో నొక విజ్ఞానసంఘమును నెలకొల్పిరి. 1904లో వారు గతించునాఁటికి వారు కోరిన ఫలము కానరాలేదు. 1907లో ఆర్థికశాఖలో నుద్యోగియై యా నగరము చేరిన చంద్రశేఖర వేంకటరామన్ గారు, కచేరివేళలకు వెలుపల నా సంఘపు ప్రయోగశాలలోఁ బనిచేయసాగిరి. 1928లోఁ గాంతిని గూర్చి వారు గనుఁగొన్న విషయము 1930లో నోబెల్ బహుమానమును దెచ్చెను. సర్కారుగారి సంఘమే లేకున్న నా మేధ లెక్కల పుస్తకములలోనే యడఁగియుండెడిదేమో!

అట్లైన సంస్థలు కట్టినఁ జాలునా? చాలదు. 1933లో రామన్ గారు బెంగుళూరు విజ్ఞానసంస్థకు నధ్యక్షులై యుండఁగా, కమలా భాగవత్ అను విద్యార్థిని ప్రవేశము గోరెను. స్త్రీ యను హేతువుచే నామెకుఁ బ్రవేశము నిరాకరింపఁబడెను. ఆమె పట్టు విడువకుండుటచేఁ దుదకు షరతులతోఁ జేర్చుకొనిరి. 1939లో నామె కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టమందెను. తెఱచిన తలుపువలన మేలు పొందిన మహామేధావియే మఱియొకరికిఁ దలుపు మూయఁబోయెను! ఇది యొక వ్యక్తిని నిందించుటకుఁ జెప్పినది గాదు. ఆచారము మేధావుల మనస్సులలోఁ గూడ నెంత లోఁతుగా నాటుకొనియుండునో తెలియుటకుఁ జెప్పినది.

కాఁబట్టి శాస్త్రాభివృద్ధి ప్రభుత్వమువారి పని యని మనము చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. ఆ యాచారము పుట్టి పెరుగుచోటు మన యిల్లు. ఏల యని యడిగిన బాలుని ధిక్కారి యని కసరుచున్నామా? సుత్తి పట్టిన కుమారునిఁ జూచి, యది మన పని గాదని మాన్పించుచున్నామా? కుమారునకు నేర్పు గణితమును గుమార్తెకు నేల యనుకొనుచున్నామా? ఈ మూఁడు ప్రశ్నలకును నిజమైన యుత్తరము ప్రతిగృహస్థుఁడును దనలోఁ దాను జెప్పుకొనవలయును. ఇంటఁ దలుపు మూసికొని, దేశమున శాస్త్రము వర్ధిల్లవలెనని కోరుట న్యాయము గాదు.