కడబంతి

పెద్ద హోటళ్ళంటే మా అంతర్వేదిలో ఒకటే మాట. "డబ్బు తీసుకుని పెట్టేది కూడా భోజనమేనా?" అని. ఈ మాట అనేది ఎక్కువగా మగవాళ్ళేనని గమనించారా? ఇంట్లో వాళ్ళకి వడ్డన ఎప్పుడూ ఉచితమే కదండీ!

హైదరాబాదులో మా అమ్మాయి ఓ హోటలుకి తీసుకెళ్ళింది. మసక దీపాలు, మెత్తటి కుర్చీలు, ఇంత పళ్ళెంలో అంత కూర. ధర చూస్తే గుండె ఝల్లుమంది. ఆ ఆర్భాటం నాకేం నచ్చలేదు. కాని సర్వరు కూర్చున్నచోటికే వేడివేడిగా తెచ్చి, "ఇంకేం కావాలమ్మా?" అన్నాడు. ఆ ప్రశ్న నన్నెవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో! వడ్డించేవాడు మనవాడైతే కడబంతైనా ఫరవాలేదంటారు. మా కడబంతికి వడ్డించేవాడంటూ ఉంటేగా! కొనుక్కున్న మర్యాదే, కాదనను. ఊరికే దొరకనప్పుడు కొనుక్కుంటే తప్పేమిటి? "నువ్వెప్పుడు తింటావు బాబూ?" అని అడిగాను. "మూడున్నర అవుతుందండీ," అన్నాడు. వాడిదీ కడబంతే.

డబ్బు పుచ్చుకోకుండా పెట్టడమంటే మా కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారే (1841–1909). ఓసారి మా నరసింహస్వామి దర్శనానికి బయల్దేరి, దారిలో ఆకలితో ఉన్న పెళ్ళివారు తన ఇంటికే వెళ్తున్నారని విని, వెనక్కి తిరిగెళ్ళి వండిపెట్టారని చెప్పుకుంటాం. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. దణ్ణం పెట్టాల్సిన తల్లి. అందరూ తిని లేచాక ఆవిడకి విస్తరి వేసిందెవరు? "మారు వడ్డించనా సీతమ్మా?" అని అడిగిందెవరు? అది మాత్రం కథలో లేదు.