యంత్రమును సరిచేయుట కాయకమేనా?

పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు శ్రీ బసవేశ్వరుని ఆశ్రయించిన శరణులలో పడవ నడుపు చౌడయ్య, మడివాలు మాచయ్య, త్రాళ్ళు పేను చందయ్య, బుట్టలల్లు కేతయ్య మొదలగువారు ఉండిరి. వీరు భక్తి కొరకు వృత్తిని విడిచినవారు కారు. వృత్తినే భక్తిగా మార్చుకొన్నవారు. శివార్పణ బుద్ధితో, కపటము లేకుండ చేయు శ్రమకే కాయకమని పేరు. తెడ్డునందు, త్రాటియందు, బుట్టయందు ఈ ధర్మము స్పష్టముగా కనిపించును. కంప్యూటరు ఆజ్ఞకు కదలు యంత్రముతో పనిచేయువాని మాట ఏమి? తక్కువ వెలకు కొన్న అట్టి యంత్రమును విప్పి, సరిచేసి, మెరుగుపరచుటకు అతడు పడు శ్రమ కాయకమగునా, లేక కాలక్షేపముగానే మిగులునా?

ఈ ప్రశ్న బందరు ప్రాంతమునకు దూరమైనది కాదు. మచిలీపట్నమునకు చేరువనున్న పెడనలో కలంకారీ అద్దకము నేటికిని అనేక కుటుంబములకు జీవనాధారము. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో తడిపి ఎండబెట్టిన బట్టపై టేకు అచ్చులతో అద్దుదురు. ఒక పువ్వునకు అంచు గీత దిద్దు అచ్చు ఒకటి, లోపల రంగు నింపు అచ్చు వేరొకటి. ఈ రెండును ఒకదానితో ఒకటి సరిగా కుదిరిననే పువ్వు పువ్వగును. కుదరనిచో రంగు గీత దాటును. ఇట్టి అచ్చులు చెక్కుటకు ఒక గృహస్థు బల్లమీద ఇముడు చిన్న సి.ఎన్.సి. రౌటరును కొనితెచ్చెనని భావింపుడు.

3018 అను పేరుతో అమ్ముడగు చౌక రకము అందరికిని తెలిసినదే. కోత జరుగు చోటు 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు. మూడు స్టెప్పర్ మోటార్లు కోత ములికిని అటునిటు, పైకిక్రిందికి, పని బల్లను ముందువెనుకలకు జరుపును. మోటారు 200 అడుగులు వేసిన ఒక చుట్టు తిరుగును. ఆ చుట్టును పొడవైన మరమేకు సూటి నడకగా మార్చును. లెక్క దోషము లేనిదే. కాని మొదటి దినముననే గుండ్రముగా చెక్కుమన్న వృత్తము వంకరపోవును. అంచు అచ్చు, నింపు అచ్చు ఒకదానికొకటి కుదరవు.

అప్పుడు మనస్సు మొదట కోరునది పెద్ద మోటారును. ములికి మరింత వేగముగా తిరిగిన పని చక్కబడునని తోచును. అది భ్రాంతి. బలహీనమైన చట్రముపై బరువైన మోటారు ఎక్కించినచో వణకు పెరుగునే గాని తరుగదు. దోషము వేగములో లేదు, నిలుకడలో ఉన్నది.

పునర్నిర్మాణమనగానేమో దివిసీమ వాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన వేలాది ప్రాణములను బలిగొన్నది. ఆ పిదప తీరమున తుఫాను రక్షణ భవనములు లేచినవి. కూలినదానిని కూలినట్లే తిరిగి కట్టుట పునర్నిర్మాణము కాదని, ఏల కూలెనో తెలిసికొని కట్టుటయే పునర్నిర్మాణమని ఆ భవనములు చెప్పుచున్నవి. ఒక చిన్న యంత్రమునకును ఇదియే న్యాయము.

కావున ఆ గృహస్థు మొదట మరలన్నిటిని విప్పవలెను. చట్రము రెండు కర్ణములను కొలిచి సమానము చేయవలెను. మూలమట్టముతో నిలువును, బల్ల సమతలమును చూడవలెను. సన్నని కడ్డీలు వంగుచున్నచో వాని స్థానమున దిట్టమైన పట్టాలను అమర్చవలెను. కావలసిన పలకను గుడివాడ వంటి పట్టణములోని లేత్ పనివానిచే చేయించుకొన్నచో ఆ పైకము మరియొక కాయకజీవికి చేరును. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము త్రుప్పుపట్టును గనుక నూనె మరువరాదు. మోటారు మార్పు చిట్టచివరి మాట.

వీనియందు సూక్ష్మమైన దోషమొకటి కలదు. మరమేకునకు, నట్టునకు నడుమ కొంత వదులుండును. ఒకే దిశలో నడచినంతసేపు అది బయటపడదు. దిశ మారగానే మోటారు తిరుగును, ములికి మాత్రము క్షణకాలము కదలక నిలుచును. స్ప్రింగుతో బిగించు జంట నట్టు ఆ వదులును తీర్చును. మాటకు, నడతకు నడుమనుండు వదులును ఇట్టిదే. అనుకూల కాలమున అది ఎవరికిని కనిపించదు. కాలము ఎదురు తిరిగినపుడే పలుకు ఒకచోట, నడత ఒకచోట నిలుచును. పలుకును నడతను ఒక్కటి చేయుటయే శరణుల సాధన. తన యంత్రములోని వదులును ఓపికతో వెదకువాడు తనలోని వదులును వెదకుట నేర్చినచో, ఆ శ్రమ కాయకమగును.

అయితే మెరుగుపరచుటకు హద్దు ఎక్కడ? ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యపు గింజలను ఏరి దాసోహము నడిపెడివాడు. ఒకనాడు మామూలుకంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ సంతసింపలేదు. అవసరమునకు మించినది ఆశయని హెచ్చరించి, ఎక్కువైన బియ్యమును తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. యంత్రమునకు క్రొత్త భాగము కొనునప్పుడెల్ల లక్కమ్మ ప్రశ్న వేసికొనవలెను. ఈ భాగము పనిలోని దోషమును తీర్చునా, లేక కొన్నవాని ఆశను తీర్చునా? మొదటిది కాయకమునకు సాధనము. రెండవది ఎంత కొనినను నిండని గాదె.

ఇక చేతితో అచ్చు చెక్కువాని బ్రతుకు మాట మిగిలినది. తిరుగు ములికి లోపలి మూలను పదునుగా కోయలేదు. తన మందము మేరకు గుండ్రముగా విడుచును. ఆ మూలను దిద్దుటకు ఉలి పట్టిన చేయియే కావలెను. కావున యంత్రము ముతక చెక్కడమును మోసి, దిద్దుబాటును నిపుణునికి విడుచుటకు వీలున్నది. వీలున్నంతమాత్రమున న్యాయము జరిగినట్లు కాదు. ముతక పని పోయినందున ఆ నిపుణుని దినకూలి తగ్గినచో, యంత్రము మిగిల్చిన కాలము అతని అన్నము నుండి తీసినదగును. అతనికి తగిన ప్రతిఫలమిచ్చి, యంత్రమును అతని పిల్లలకును నేర్పి, ఒకే యంత్రమును నలుగురు వాడుకొనునట్లు చేసిననే అది దాసోహమగును. యంత్రపు అచ్చును చేతి అచ్చని చెప్పి అమ్మినచో, చట్రము ఎంత తిన్నగానున్నను, చేసినవాడు వంకరపోయినట్లే.

లోహమునకు భక్తి లేదు, కపటమును లేదు. అవి రెండును దానిని నడుపువానివే. కొలతలో నిజము, కోరికలో మితము, ఫలములో పంపకము ఉన్నచోట మరమేకు బిగించుటయు కాయకమే. ఈ మూడింటిలో ఒకటి తప్పినచో చేతి ఉలితో చెక్కినను అది కాయకము కాదు.