వద్దనే నోరు, ఎత్తుకునే చేతులు



లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఒక ఇల్లాలికి మూడో నెల నిండింది అనుకుందాం. 11 నుండి 14 వారాల మధ్య తీసే స్కానింగులో బిడ్డ మెడ వెనుక నీటిపొర మందంగా ఉన్నదన్నారు. డౌన్ సిండ్రోమ్ కావచ్చునన్న ఆ ఒక్కమాటతో ఆ ఇంట పొయ్యి వెలగదు.

ఆ స్కానింగు చెప్పేది అనుమానమే, నిర్ధారణ కాదు. అనుమానం వచ్చిన బిడ్డలలో చాలామందికి ఆ లోపం ఉండదు. ఒకవేళ ఉన్నా, 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటమే దానికి కారణం. అది తల్లి తప్పు కాదు, ఎవరి పాపఫలమూ కాదు. 1959లో ఈ సంగతిని లోకానికి వెల్లడించిన వారిలో ఒకరైన వైద్యుడు జెరోమ్ లెజ్యూన్, ఆ జ్ఞానంతోనే అటువంటి బిడ్డలను కడుపులోనే ఏరివేయడం చూసి, జీవితాంతం వారి పక్షాన నిలిచారు.

"కడుపు తీయించుకోవద్దు" అని చెప్పడం మనకు సులువు. తర్వాత ఆ బిడ్డను ఎత్తుకునేదెవరు? మరియతల్లి ఎలిజబేతమ్మ గుమ్మంలో నిలబడి నీతులు చెప్పలేదు. సుమారు మూడు నెలలు ఆమె ఇంట ఉన్నది. మన సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉన్నది. దారి చెప్పి ఊరుకోక, ఆ తల్లి వెంట వెళ్ళండి.

వెంట వెళ్ళనివారికి "వద్దు" అనే హక్కు ఎక్కడిది? ఆలోచించండి.